మూత మీద బెజ్జం

సగం గ్లాసు నిండాక ధార సన్నబడింది. తర్వాత చుక్కలైంది. తర్వాత అదీ లేదు.

అన్న మీట మళ్లీ నొక్కాడు. డబ్బా లోపల ఒక బుడగ గుడగుడమంటూ పైకి పోయింది. కుళాయి మూతికి ఒక చుక్క వేలాడింది, పడలేదు.

"అయిపోయినట్టుంది," అన్నాడు.

"అంచుదాకా పోశాను," అంది వదిన. "నిమ్మకాయలు పిండీ పిండీ నా వేళ్లింకా మండుతున్నాయి. అప్పుడే అయిపోవడానికి ఇంట్లో ఏనుగేమన్నా ఉందా?"

మేస్త్రి స్టూలు మీద నుంచి లేవలేదు. వీధి వైపు ఉన్న ఆ గది ఆయన కొట్టు. వెనక గదులు ఇల్లు. ప్రెషర్ కుక్కర్లు బాగుచేస్తూ ఆయన జుట్టు అక్కడే నెరిసింది. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని కుళాయి వైపు చూశాడు. కుళాయి నాసిరకం అని భార్యతో చెప్పాడు. ఎంచుకొచ్చినవాళ్లనే అడగమన్నాడు.

ఎంచుకొచ్చింది ఆయన కూతురు, అన్నకు చెల్లెలు. ఆ సమయానికి డబ్బా భుజాల పట్టీలకు ఇంకా గట్టి బకిల్స్ తేవడానికి బజారుకు వెళ్లి ఉంది.

"అది రానీ, మీరే అడగండి," అంది అమ్మ. "సోమవారం నుంచి మీ ఇద్దరి మాటలూ మోసి మోసి నా నడుం పడిపోయింది. నేనేమన్నా టపా బండినా?"

సోమవారం అన్న టేపు తెచ్చి ఈ కొట్టు గోడలు కొలిచాడు. ఫోను కవర్లు, ఛార్జర్లు అమ్మే దుకాణం పెడతానన్నాడు. కుక్కరు చెడితే జనం కొత్తది కొంటున్నారు తప్ప బాగుచేయించుకోవడం లేదన్నాడు. మేస్త్రి చేతిలోని కుక్కరు మూత తుడుస్తూ విన్నాడు. చివరికి సరేనన్నట్టు తల ఊపాడు. ఆ తల ఊపడం గుమ్మంలో నిలబడి కూతురు చూసింది.

అప్పటికి బల్ల మీద, కమాండరమ్మ తన క్యాంపుల కోసం చేయమన్న, వీపుకు తగిలించుకునే డబ్బా సగం తయారై ఉంది. కమాండరమ్మకు అది నచ్చితే కొట్టు సంగతి మళ్లీ ఆలోచిద్దామని మేస్త్రి ఒక మాట అన్నాడు. అదీ భార్య ద్వారానే. నచ్చకపోతే అరలు బిగించే వడ్రంగులు రేపు పొద్దున్నే వస్తారు. ఆ రోజు నుంచి తండ్రీ కూతుళ్లు ఒకే బల్ల దగ్గర, ఒకే సుత్తి ఒకరి తర్వాత ఒకరు అందుకుంటూ, ఒక్క మాట లేకుండా పనిచేశారు.

కమాండరమ్మ ఈ సాయంత్రమే వస్తుంది. అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. బడిలో ఆటలు నేర్పి రిటైరైంది. ఇప్పుడు బస్సుల్లో జనాన్ని చెరువు గట్లకు, కొండలకు, అడవి అంచులకు తీసుకెళ్లి గుడారాలు వేయిస్తుంది. రేపు పొద్దున ఈ ఏటి మొదటి బస్సు బయలుదేరుతుంది.

అన్న పానా తీసుకుని కుళాయి విప్పడం మొదలుపెట్టాడు.

"ముట్టుకోకు అన్నయ్యా."

గుమ్మంలో కూతురు, ఇంట్లో అందరికీ స్కేలు, నిలబడి ఉంది. చేతిలో బకిల్స్ పొట్లం. చిన్నప్పుడు అట్టు పెడితే ముందు దాని అడ్డం కొలిచి, తర్వాత తినేదట. అప్పుడు అన్న పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది. ఇప్పుడామెకు పాతికేళ్లు దాటాయి. యంత్రాల చదువు పూర్తిచేసి ఈ కొట్టులోనే పని చేస్తానని కూర్చుంది.

పొట్లం బల్ల మీద పడేసి మీట నొక్కింది. ఒక చుక్క. మూతకున్న మూడు క్లిప్పులూ విప్పి మూత ఎత్తింది. మీట నొక్కింది. ధార గ్లాసులో తిన్నగా పడింది. మూత పెట్టి క్లిప్పులు బిగించింది. ధార సన్నబడి ఆగింది.

"కుళాయి మంచిదే," అంది, ఎవరి వైపూ చూడకుండా.

మూత మీద అరచెయ్యి పెట్టి నిమిరింది. మధ్యలో ఐసు గొట్టం మూతి ఉంది. ఐసు ఆ గొట్టంలోనే ఉంటుంది, కరిగినా నిమ్మకాయ నీళ్లలో కలవదు. గొట్టానికి ఒక పక్కన, అంచుకు దగ్గరగా, ఆమె వేలు ఆగింది. వెనక్కి వెళ్లింది. మళ్లీ అక్కడికే వచ్చింది.

"అమ్మా, ఇక్కడ నేనొక బెజ్జం వేశాను. ఏదీ?"

అమ్మ మేస్త్రిని చూసింది. మేస్త్రి కళ్లజోడు ముక్కు మీదికి దించుకున్నాడు.

"పూడ్చాను," అన్నాడు. "రివెట్ కొట్టి, ఆకురాయి పెట్టి, సున్నితంగా పాలిష్ చేశాను. కనపడదు."

ఆ కడపటి మాటలో కొంచెం గర్వం ఉంది. అదే ఆమెకు ఎక్కువ తగిలింది.

"ఎందుకు పూడ్చారో అడుగమ్మా."

"బెజ్జం పడ్డ పాత్ర నా కొట్టులోంచి ఇంతవరకూ బయటికి పోలేదని చెప్పు."

"అది పడ్డది కాదు, వేసింది అని చెప్పు. గాలి లోపలికి పోవాలి. పోకపోతే నీళ్లు బయటికి రావు. డబ్బా లోపల్నుంచి పట్టుకుని లాగుతుంది."

"వేసేటప్పుడు ఎందుకు వేస్తోందో నాకు చెప్పాల్సింది అని చెప్పు."

అమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా, టీ పెట్టడానికి లోపలికి వెళ్లిపోయింది.

 వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

కుక్కర్‌లో ఉన్నది ఎప్పుడూ బయటికి రావాలని చూస్తుంది. మేస్త్రి జీవితమంతా దాన్ని ఆపుతూ వచ్చాడు. మూత పట్టకపోయినా, గ్యాస్కెట్ వదులైనా, అంచు సొట్టపోయినా, ఎక్కడ ఆవిరి జారినా ఆయన చెవికి ముందు వినపడేది. బయటి గాలి లోపలికి పోవలసిన పాత్ర ఒకటి ఉంటుందని ఆయనకు తట్టలేదు. కూతురు ఒక్క మాట చెప్పి ఉంటే తట్టేది. తండ్రి ఒక్క మాట అడిగి ఉంటే ఆమె చెప్పేది.

స్కేలు డ్రిల్లు మిషను తీసుకుని రివెట్ తల మీద ముల్లు ఆనించింది. మూత బల్ల మీద జారింది. మేస్త్రి లేచి వచ్చి రెండు చేతులతో మూత అదిమి పట్టుకున్నాడు. ఆమె వద్దనలేదు. రివెట్ పొడి పొడిగా రాలింది. మూత కడిగి బిగించి మీట నొక్కితే గ్లాసు నిండింది, ఇంకో గ్లాసు నిండింది, మూడోది అన్న తాగేశాడు.

"అంతేనా? అయిపోయిందిగా," అన్నాడు అన్న.

మేస్త్రి గోడ దగ్గరికి వెళ్లాడు. కొక్కేనికి వేలాడుతున్న తన చొక్కా తీసి తిప్పి చూపించాడు. వీపు మీద మెడ దగ్గర్నుంచి నడుం దాకా పచ్చటి మరక ఎండి అట్టకట్టి ఉంది.

అప్పుడు ఆయన చెప్పింది ఇది. పొద్దున్నే, ఎవరూ లేవకముందు, డబ్బాను వీపుకు తగిలించుకుని డాబా మెట్లు ఎక్కి దిగాడు. నిన్న మిగిలిన నిమ్మకాయ నీళ్లు అందులోనే ఉన్నాయి. ఎక్కుతున్నప్పుడు ముందుకు వంగితే మెడలోకి కారాయి. దిగుతున్నప్పుడు ఎగిరి పడ్డాయి. కమాండరమ్మ కొండ ఎక్కేటప్పుడు ఇలాగే వంగుతుందని అనుకున్నాడు. ఎక్కడ కారుతోందా అని వెతికితే బెజ్జం దొరికింది.

స్కేలు చొక్కా పట్టుకుని చాలాసేపు చూసింది. డబ్బాను బల్ల మీద నిలబెట్టి ఎన్నోసార్లు పరీక్షించింది. వీపుకు తగిలించుకుని ఒక్క మెట్టూ ఎక్కలేదు.

"మోసేటప్పుడు మూసుకోవాలి," అంది నెమ్మదిగా. "పోసేటప్పుడు తెరుచుకోవాలి."

"ఎవరితో అంటోంది?" అన్నాడు మేస్త్రి.

"నాతో నేనే అనుకుంటున్నాను."

తర్వాత అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. తాగేటప్పుడు మూత కొంచెం ఎత్తి పెడితే సరిపోతుంది కదా అంది వదిన. కుదరదంది స్కేలు. మూత తెరిస్తే ఆకులు, చీమలు, ఈగలు పడతాయి, వాటికంటే ముందు జనం గ్లాసులు ముంచుతారు. నింపేవాళ్లు తప్ప ఇంకెవరూ మూత తెరవకూడదన్నది కమాండరమ్మ పెట్టిన మొదటి షరతు. బెజ్జానికి ఒక చిన్న మర బిగిస్తే, పోసేటప్పుడు తీసి పక్కన పెట్టుకోవచ్చన్నాడు అన్న. అదీ కుదరదు. విడిగా ఊడి వచ్చే ముక్క ఒక్కటీ ఉండకూడదన్నది రెండో షరతు. గడ్డిలో పడితే ఇక దొరకదు. డేరా కొట్టే మేకులే ప్రతి క్యాంపులో సగం పోతాయట.

అన్న డబ్బా కింది స్టాండు కాలు ఒకటి మడిచి తెరిచి చూశాడు. మూడు కాళ్లూ ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగకుండా నిలబడతాయి. ఎంత బాగా చేశారో అని అన్నాడు, మళ్లీ వెంటనే ఆగిపోయాడు. ఆ మాట తను అనకూడదని గుర్తొచ్చినట్టుంది.

"మీకివాళ సెలవా? పని రోజు కదా," అంది వదిన అతనితో.

"ఉంది," అన్నాడు అన్న. మళ్లీ స్టాండు కాలు మడిచాడు. అతను కొరియర్ ఆఫీసు గోదాములో సూపర్‌వైజరు.

టీలు వచ్చాయి, చల్లారాయి. స్కేలు మీటకు ఒక తీగ కట్టి, ఆ తీగ పైకి వెళ్లి బెజ్జం మీది బిళ్లను ఎత్తేట్టు బల్ల మీద సుద్దముక్కతో గీసింది. మేస్త్రి వచ్చి చూశాడు. తీగ మీద వేలు పెట్టి, తుప్పు అన్నాడు. ఆమె ఇంకోటి గీసింది. ఆయన దాని మీదా వేలు పెట్టి, ఇసుక అన్నాడు. మూడోదాని దగ్గర ఆయన వేలు ఎత్తకముందే ఆమె దాన్ని చేత్తో తుడిచేసింది. కోపంగా కాదు. మొహం మీద సుద్ద పొడితో ఆమె కళ్లు మెరుస్తున్నాయి. సోమవారం నుంచి ఆ బల్ల దగ్గర ఇంత సంభాషణ జరగలేదు. మొత్తం కలిపితే రెండు మాటలే అయినా.

లోపలి గదిలోంచి బుస్సు బుస్సుమని చప్పుడు మొదలైంది.

వదిన కూడా రేపటి బస్సు ఎక్కుతోంది. పెళ్లయ్యాక ఇంటి కప్పు కింద కాకుండా ఇంకెక్కడా పడుకోలేదని, ఒక్క రాత్రి గుడారంలో పడుకుంటానని పట్టుబట్టింది. కమాండరమ్మ ఆమె కోసం ఒక గాలి పరుపు పంపింది. చిరుగులున్నాయేమో ముందే చూసుకోమంది. వదిన కాలి పంపు తొక్కుతూ పరుపు నింపుతోంది.

"నీళ్ల డబ్బా సంగతి ఏమైనా కానీ, నా పడక మాత్రం సిద్ధం," అని అక్కడి నుంచే చెప్పింది. "చూడు, ఎంత ఉబ్బిందో. మీ అన్నయ్య కంటే లావుగా ఉంది."

స్కేలుకు నీళ్లు తాగాలనిపించి లోపలికి వెళ్లింది. వదిన పంపు పీకి పక్కన పడేసి పరుపు మీద కూర్చుంది. అటూ ఇటూ ఊగింది. పరుపు ఆమెను ఎగరేసింది.

"బిరడా పెట్టలేదు వదినా. గాలి పోతుంది."

"ఏదీ, పోవట్లేదే."

స్కేలు చేతిలో గ్లాసు ఆగింది. పరుపు మూలన గాలి పోసే రంధ్రం తెరిచే ఉంది. బిరడా దారానికి వేలాడుతోంది. వదిన బరువంతా పరుపు మీదే ఉంది. గాలి పోవడం లేదు.

"వదినా, లేవకు."

"ఏమైంది? తేలా?"

"లేవకు, అలాగే కూర్చో."

స్కేలు నేల మీద బోర్లా పడుకుని ఒక కన్ను మూసి రంధ్రంలోకి చూసింది. లోపల సన్నటి రబ్బరు రేకు ఒకటి రంధ్రానికి అతుక్కుని ఉంది. ఒక పక్కన మాత్రమే అంటించి ఉంది. చిటికెన వేలితో దాన్ని లోపలికి నెట్టింది. బుస్సుమంటూ గాలి ఆమె జుట్టును వెనక్కి ఎగరగొట్టింది. పరుపు మీద వదిన ఒక పక్కకు ఒరిగిపోయింది. వేలు తీసింది. గాలి టక్కున ఆగింది.

మళ్లీ నెట్టింది. మళ్లీ తీసింది.

"ఒసే, ఆ కాస్తా ఉంచు. నా కాళ్లు పీకిపోయేలా తొక్కాను," అంది వదిన.

స్కేలు ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టి కొట్టులోకి పరుగెత్తింది. వదిన బుగ్గ తుడుచుకుని, మొగుడు కూడా ఎప్పుడూ ఇంత తొందరగా మెచ్చుకోలేదని గోడతో చెప్పింది.

కొట్టులో మేస్త్రి వంగి సుద్ద గీతలు చూస్తున్నాడు.

"నాన్నా," అంది స్కేలు.

ఆయన తల ఎత్తాడు. గుమ్మంలో అమ్మ టీ గ్లాసులు తీస్తున్నది తీస్తున్నట్టే ఆగిపోయింది.

"నాన్నా, గ్యాస్కెట్ ముక్క కావాలి. బెజ్జం కింద, మూత లోపలి వైపు. ఒక పక్కే బిగించాలి. నీళ్లు లోపల్నుంచి కొడితే అది మూతకే అతుక్కుంటుంది, ఒక్క చుక్క రాదు. మీట నొక్కినప్పుడు డబ్బా లోపల్నుంచి లాగుతుంది కదా, అప్పుడు అదే కిందికి వంగి గాలికి దారి ఇస్తుంది. దానికి తీగ అక్కర్లేదు, మీట అక్కర్లేదు, ఎవరూ ఏమీ చేయక్కర్లేదు."

మేస్త్రి మూత వైపు చూశాడు. అరచెయ్యి బోర్లించి, ఇంకో అరచెయ్యి దాని కిందికి చేర్చాడు. మణికట్లు కలిపే ఉంచి కింది చేతి వేళ్లు మాత్రం కిందికి వదిలి మళ్లీ మూశాడు.

"లోపలికి రానిస్తుంది, బయటికి పోనివ్వదు," అన్నాడు.

"అంతే."

"ఏ సైజు?"

ఆమె సమాధానం చెప్పకముందే ఆయన గోడ దగ్గరికి వెళ్లాడు. అక్కడ మేకులకు గ్యాస్కెట్లు సైజుల వారీగా వేలాడుతున్నాయి. ఎదుటి అంగళ్లవాళ్లు వాటిని మేస్త్రి గాజులు అంటారు. నల్లవి వదిలేసి, తినే పదార్థాలకు వాడే తెల్లది, అన్నిటికంటే చిన్నది తీశాడు. కొత్తదే. ప్యాకెట్ చించాడు.

మొదటి ముక్క పనిచేయలేదు. రబ్బరు మందం ఎక్కువైంది. ధార పడుతూ ఆగుతూ దగ్గుతున్నట్టు వచ్చింది. వీపుకు తగిలించుకుని అన్న వీధిలోకి వెళ్లి గెంతాడు. చుక్క కారలేదు. అంటే సగం గెలిచారు.

రెండోది మేస్త్రి బ్లేడుతో చెక్కాడు. బల్ల అంచుకు రబ్బరును ఆనించి, ఊపిరి బిగబట్టి, పొర పొరగా తీశాడు. స్కేలు పక్కన వంగి స్కేలుతో కొలుస్తూ ఇంకా, ఇంకా అంది. ఇంకా తీస్తే చినుగుతుందన్నాడు ఆయన. చినిగితే ఇంకోటి ఉందిగా అంది ఆమె. ఆయన ఒక్క క్షణం ఆగి ఆమె మొహం చూసి మళ్లీ తీశాడు. ముక్క ఉల్లిపొరలా అయింది. ఆమె దాన్ని బెజ్జం కింద పెట్టి పట్టుకుంటే ఆయన ఒక పక్కన చిన్న పట్టీ వేసి రెండు రివెట్లు కొట్టాడు. పక్క అరలో మిగిలిన గ్లాసులు ఆ దెబ్బలకు గలగలమన్నాయి.

మీట నొక్కారు. ధార పడింది. గ్లాసు నిండింది. ఇంకోటి. జగ్గు పెట్టారు. జగ్గు నిండింది. వదిన గిన్నె తెచ్చింది. గిన్నె నిండుతుంటే మూత దగ్గర చెవి పెట్టి విన్నాడు మేస్త్రి. లోపల ఏదో మెల్లగా తడుతున్నట్టు టప్, టప్ అంటోంది. అందరినీ పిలిచి ఒక్కొక్కరి చెవీ మూతకు ఆనించి వినిపించాడు. అమ్మ రెండుసార్లు వింది.

"మూత ఊపిరి పీలుస్తోందే," అంది.

తర్వాత మేస్త్రి మరక చొక్కానే తొడుక్కున్నాడు. వద్దని వదిన వారించింది. ఆయన వినలేదు. డబ్బా తగిలించుకుని డాబా మెట్లెక్కాడు, వంగి మరీ ఎక్కాడు, దిగాడు. కొట్టులోకి వచ్చి కూతురికి వీపు చూపించాడు. ఆమె చెయ్యి పెట్టి తడిమింది. పొడిగా ఉంది. చెయ్యి వెంటనే తీయలేదు.

ఎండ వాలాక కమాండరమ్మ వచ్చింది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. కూర్చోమంటే కూర్చోలేదు. డబ్బా కాళ్లు తెరిపించి, వీధిలో రాళ్లున్న చోట తనే నిలబెట్టింది. మోచేత్తో నెట్టింది. నిలబడింది. మూత మీద మెటికలతో కొట్టింది. తగిలించుకుంది, గోడ దాకా పరుగెత్తింది, వెనక్కి వచ్చింది, బూటు లేసు కట్టుకోవడానికన్నట్టు కింది దాకా వంగింది. ఎదురింటి వాళ్లు కిటికీల్లోంచి చూశారు. లేచి మెడ వెనక తడుముకుంది.

అప్పుడు డబ్బాను కొట్టులోకి తెప్పించి బల్ల మీద పెట్టించింది. బెజ్జం మీద వేలు పెట్టి, ఇదేమిటని అడిగింది.

స్కేలు చెప్పడం మొదలుపెట్టింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. గాలి అంది, లాగడం అంది, పరుపు అంది, వదిన అంది. సగంలో ఆగి మేస్త్రిని చూసింది. ఆయన రెండు అరచేతులూ కలిపి, వేళ్లు కిందికి వదిలి, మూసి చూపించాడు. కమాండరమ్మకు అర్థమైంది.

"ప్రతి బస్సుకీ ఒకటి కావాలి," అంది. "వచ్చే సెలవుల్లోగా. రేపు ఇది నాతో వస్తుంది, చేసినవాళ్లలో ఒకరు కూడా రావాలి. దారిలో ఏదైనా అయితే నేను చూడలేను. మిగతావి ఎక్కడ చేస్తారు? ఇక్కడేనా?"

స్కేలు తండ్రి వైపు చూసింది.  వదిన ఆమె చెయ్యి పట్టుకుని నలిపేస్తోంది.

"ఇక్కడే," అన్నాడు మేస్త్రి. "మా అమ్మాయి వస్తుంది మీతో. నేను కొట్టులో ఉంటాను."

"రేపు వడ్రంగులు వస్తున్నారు నాన్నా," అన్నాడు అన్న.

"రానీ. డబ్బాలకు చెక్క పెట్టెలు కావాలి. అరల బదులు అవి చేయమంటాను." మేస్త్రి కొడుకు వైపు తిరిగాడు. ఇంత సంతోషంగా ఆయన గొంతు ఈ మధ్య ఎవరూ వినలేదు. "నీ ఫోన్ల దుకాణానికి బజార్లో ఇంకో గది చూద్దాంలేరా. నీకేం తొందర? ఉద్యోగం ఉందిగా."

కమాండరమ్మ గ్లాసు అందుకుని కుళాయి కింద పెట్టింది. మీట నొక్కింది. నిమ్మకాయ నీళ్లు తిన్నగా దిగాయి.

అన్న చేతిలో సోమవారం నాటి టేపు ఉంది. దాన్ని కాస్త బయటికి లాగాడు, వదిలాడు. అది చప్పుడు చేసుకుంటూ లోపలికి పోయింది.

"మానేశాను నాన్నా," అన్నాడు. "సోమవారం నువ్వు తల ఊపావు. మంగళవారం వెళ్లి రాజీనామా ఇచ్చేశాను."

వదిన ఆడపడుచు చెయ్యి వదిలేసింది. మొగుడి మొహం వైపు చూసింది. పొద్దున్నుంచీ అతను వేసుకుని తిరుగుతున్న ఇంటి చెప్పుల వైపు చూసింది. 

మేస్త్రి చెయ్యి మూత మీదే ఉండిపోయింది. స్కేలు అన్న వైపు ఒక అడుగు వేసి ఆగింది.

కొట్టులో ఒక్క చప్పుడే వినిపిస్తోంది. టప్, టప్. కమాండరమ్మ వేలు మీట మీదే ఉంది. గ్లాసు నిండి, పొర్లి, బల్ల అంచు మీదుగా సుద్ద గీతలను చెరుపుకుంటూ నేల మీద పడుతోంది. ధార ఆగలేదు.